ఒంట్లో ఉండిపోయేదా, పని ముగించుకుని బయటకు వచ్చేదా? వైద్య పరికరం తలపెట్టేవారికి ఏది మేలు?

కొత్త వైద్య పరికరం కనిపెట్టాలని ఉబలాటపడే ఇంజనీరింగ్ విద్యార్థిని కదిపి చూడండి. గుండె లయను నిలబెట్టే పేస్‌మేకర్, గుండెలో రక్తాన్ని ఒకే వైపు నడిపించే కవాటం, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు అంటాడు. లోపల అమర్చి కుట్లు వేసేసే వస్తువు మీద ఉన్న మోజు, లోపలికి వెళ్ళి పని చేసుకుని వచ్చేసే గొట్టాల మీద, తీగల మీద ఉండదు. నల్లగొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో కూర్చుని ఈ దారిలో దిగేవారు రెండింటిలో దేన్ని పట్టుకోవాలి? ఖర్చు, అనుమతులు, పేరు, లాభం అన్నీ తూచవచ్చు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: ఆ పరికరం పెట్టించుకున్న మనిషి దాని కోసం ఎన్నిసార్లు ఆసుపత్రికి తిరిగి రావాలి?

పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతంలో, ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. మేస్త్రీ వెంట ముంబయికో పుణెకో వెళ్ళిన కూలీ పండుగకు ఊరు చేరితే చేరినట్టు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలి విడత మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పెద్ద ఆపరేషన్ల ఖర్చు భరించడానికి పథకం వచ్చింది గానీ, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పరీక్షలకు వచ్చిపోయే బస్సు ఛార్జీ, పోయే కూలి ఇప్పటికీ రోగి నెత్తినే ఉన్నాయి.

ఉండిపోయే పరికరాల గొప్పతనాన్ని తక్కువ చేయడం లేదు. 1958 అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో ఆర్నే లార్సన్‌కు తొలి అంతర్గత పేస్‌మేకర్ అమర్చారు. ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారుచేయగా, సర్జన్ ఓకే సెన్నింగ్ పెట్టారు. అది కొన్ని గంటలకే ఆగిపోయింది. అయినా లార్సన్ 2001 వరకు బతికాడు, తన ప్రాణం కాపాడిన ఆ ఇద్దరి కంటే ఎక్కువ కాలం బతికాడు. అయితే ఆ నలభై మూడేళ్ళలో అతనికి మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చారు. ఇప్పటి బ్యాటరీలు సుమారు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు వస్తాయి. 2016లో అమెరికా అనుమతి పొందిన, తీగలు లేని పేస్‌మేకర్ రెండు గ్రాముల బరువు కూడా ఉండదు, గజ్జ దగ్గరి సిర గుండా గుండెలోకి చేరుతుంది. ఛాతీ మీద కోత తప్పింది. పరీక్షలకు రావడం మాత్రం తప్పలేదు.

మన దేశపు గర్వకారణం చిత్ర కవాటం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్య సంస్థలో గుండె సర్జన్ వలియత్తాన్ బృందం చేసిన మొదటి మూడు నమూనాలు గట్టెక్కలేదు. నాలుగోదాన్ని 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. విదేశీ కవాటం కొనలేని వేలాది మందికి అది ఊపిరి పోసింది. కానీ అది లోహం, ప్లాస్టిక్‌తో చేసిన యాంత్రిక కవాటం. రక్తం పలుచన చేసే మాత్ర జీవితాంతం మింగాలి, మోతాదు సరిపోయిందో లేదో తరచూ రక్తపరీక్షతో చూసుకోవాలి. పరీక్ష మానేస్తే గడ్డ కట్టవచ్చు, మాత్ర ఎక్కువైతే రక్తస్రావం కావచ్చు. ఇది కవాటం లోపం కాదు. దాన్ని ఒంట్లో పెట్టుకున్న మనిషి ఏ ఊళ్ళో బతుకుతాడో కూడా రూపకల్పనలో భాగమేనని అంటున్నాను.

ఇక రెండో జాతి. థామస్ ఫోగార్టీ అనే అమెరికన్ కుర్రాడు సిన్సినాటిలో ఆపరేషన్ గదిలో సాయం చేస్తూ, కాలి ధమనిలో గడ్డ కట్టినవారి పాట్లు కళ్ళారా చూశాడు. ధమనిని పొడవునా కోసి గడ్డ తీసేవారు. కాళ్ళు పోయేవి, ప్రాణాలూ పోయేవి. అతను మూత్రపు గొట్టం కొసకు సర్జన్ చేతి తొడుగులోని చిటికెనవేలి ముక్కను కట్టాడు. చేపల గాలానికి ఈకలు బిగించే అలవాటున్న చేతులు కాబట్టి ముడి నిలిచింది. చిన్న గాటు లోంచి గొట్టాన్ని గడ్డ దాటేదాకా పంపి, బెలూన్ ఉబ్బించి, వెనక్కి లాగితే గడ్డ దానితో పాటే వచ్చేస్తుంది. 1961లో రోగి మీద తొలిసారి వాడారు. తయారుచేసే కంపెనీ దొరకడమే కష్టమైంది! ఇప్పటికీ అదే సూత్రం నడుస్తోంది. ఆ మనిషి ఇంటికి వెళ్ళేటప్పుడు ఒంట్లో పరికరం ముక్క కూడా ఉండదు.

అలాగని బెలూనే అన్నిటికీ మందు కాదు. 1977 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ గుండె ధమనిని బెలూన్‌తో తెరిచాడు. అలా తెరిచిన నాళాల్లో చాలా వాటికి కొన్ని నెలల్లోనే మళ్ళీ ఇరుకు వచ్చేది. అందుకే 1986లో స్టెంటు వచ్చింది. అంటే ఇక్కడ ఉండిపోయే వస్తువే రోగిని మళ్ళీ మళ్ళీ రాకుండా ఆపింది. నా కొలబద్ద ప్రకారమే స్టెంటు గెలిచింది, ఒప్పుకుంటాను. 2017లో కేంద్రం మందు పూసిన స్టెంటు ధరను 29,600 రూపాయలకు కట్టడి చేశాక కొనేవారికి మరింత మేలైంది. కొత్తగా చేసేవారికి లాభం ఆ మేరకు సన్నబడింది కూడా.

కరిగిపోయే స్టెంటు రెండింటికీ మధ్య దారి కదా అనవచ్చు. అబ్సార్బ్ పేరుతో వచ్చిన దానికి 2016లో అమెరికాలో అనుమతి దొరికింది. రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువని తేలి మరుసటి ఏడాదే అమ్మకాలు ఆపేశారు. తొలి ప్రయత్నంగా దాని జోలికి వెళ్ళవద్దు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది మూత్రనాళంలో పెట్టే డీజే (డబుల్ జే) స్టెంటు అనే సన్నని గొట్టం. రాయి తీశాక కొన్ని వారాల కోసం పెడతారు. తీయించుకోకపోతే దాని మీద రాయి పేరుకుంటుంది, కిడ్నీకే ఎసరు వస్తుంది. నొప్పి తగ్గింది, పని పిలిచింది, మనిషి వలస వెళ్ళాడు. లోపల గొట్టం ఉందన్న మాటే మరిచిపోయాడు. విదేశాల్లో కొసన అయస్కాంతం ఉన్న రకాలు వచ్చాయి, కెమెరా గొట్టం లేకుండానే లాగేయవచ్చు. అయినా లాగడానికి మనిషి రావాలి కదా.

ఉపాయం ఎంత మంచిదైనా దాని వెంట మనిషి ఉండాలన్న సంగతి నల్లగొండ వాళ్ళకు కొత్త కాదు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ విధానం’ ప్రపంచమంతా తెలుసు. చవకైన, చక్కని ఆలోచన. కానీ పటిక పాళ్ళు చూసి కలిపి, మడ్డి తీసి పారబోసే మనిషి రోజూ ఉండాలి.

అందుకే నా తీర్పు ఇది. తొలి పరికరం బయటకు వచ్చే జాతిదే కావాలి. లోపల ఉండే కాలం నిమిషాల్లోనో గంటల్లోనో ఉంటే పదార్థం ఒంటికి సరిపడుతుందో లేదో చూసే పరీక్షలు తక్కువ. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల్లో కవాటాలు, పేస్‌మేకర్ల వంటివి అత్యధిక ముప్పున్న ‘డి’ తరగతి కిందికి వస్తాయి. వాటికి కావలసిన డబ్బు, ఏళ్ళు కొత్తవారి దగ్గర ఉండవు. ఒంట్లో పెట్టేదే చేయాలని పట్టుదల ఉంటే, కొత్త కవాటం బదులు డీజే స్టెంటును మరిచిపోనివ్వని ఉపాయం వెతకండి. ఏ పని చేపట్టినా బొమ్మ గీయడానికి ముందు ఆపరేషన్ గది టెక్నీషియన్ల దగ్గర కూర్చోండి. ఏ పనిముట్టును చూసి వాళ్ళు విసుక్కుంటున్నారో అడగండి. ఫోగార్టీ కూడా అలాంటి ఉద్యోగం నుంచి వచ్చినవాడే.