పోనీ గుర్రం కొంటున్నారా? రక్తం తీశారు కదా అని నమ్మకండి

ఇంగ్లండ్‌లో పిల్లలకు పోనీ (పొట్టి జాతి గుర్రం) కొనాలనుకునే తెలుగువారు ఇది చదివాకే బయానా ఇవ్వండి.

మేము చలికాలంలో ఒక వెల్ష్ పోనీని కొన్నాం. ‘కాస్త మేసినా ఒళ్లు చేస్తుంది, మేత ఖర్చు తక్కువ’ అని అమ్మినావిడ అదో సుగుణమైనట్టు చెప్పింది. కొనేముందు ఐదు దశల పశువైద్య పరీక్ష చేయించాం, రక్తమూ తీశారు. ఏప్రిల్‌లో పచ్చిక ఏపుగా పెరిగేసరికి పోనీ ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి కదలనని మొరాయించింది. లామినైటిస్! అంటే గిట్ట లోపలి పొర దెబ్బతిని విపరీతంగా నొప్పి పెట్టే జబ్బు. రక్తం పరీక్షిస్తే ఇన్సులిన్ విపరీతంగా ఉంది. ఆవిడను అడిగితే ‘మా దగ్గర ఎప్పుడూ రాలేదే’ అంది. నాడాలు కొట్టే ఫారియర్ మాత్రం గిట్ట మీద మడమ వైపు వెడల్పవుతున్న వలయాలు చూపించాడు. ముందుభాగంలో గిట్ట పైనుంచి కిందికి పూర్తిగా ఎదగడానికి దాదాపు ఏడాది పడుతుంది. సగం కిందికి దిగిన ఆ గీతలు మా ఇంటికి వచ్చాక పడినవి కావు.

మరి ఆ రక్తం సంగతి? అమ్మేముందు కుంటు కనబడకుండా ‘బ్యూట్’ లాంటి నొప్పి మందులు ఇచ్చారేమో అనుమానం వస్తే తేల్చడానికి దాన్ని 6 నెలలు దాచిపెడతారు, అంతే. మనం విడిగా అడిగితే తప్ప ఇన్సులిన్ చూడరు. పరగడుపున చూస్తే మామూలుగానే కనిపించవచ్చు కూడా. అందుకే నోటి ద్వారా కార్న్ సిరప్ (మొక్కజొన్న చక్కెర పాకం) పట్టించి, 60 నుంచి 90 నిమిషాల మధ్య రక్తం తీసే పరీక్ష అడగండి. అమ్మేవారు వద్దంటే ఆ పోనీ మీకు వద్దు.

మన ఇళ్లలో షుగర్ జబ్బు తెలియనివారు లేరు కాబట్టి గ్లూకోజ్ బాగుంటే చాలనుకుంటాం. గుర్రాల లెక్క వేరు. 2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆరోగ్యమైన పోనీలలో గ్లూకోజ్‌ను మామూలుగానే ఉంచి ఇన్సులిన్ ఒక్కటే పెంచారు. మూడు రోజుల్లోపే వాటికి లామినైటిస్ వచ్చింది.

చూడటానికి వెళ్లినప్పుడు జూలు కింద మెడ పైఅంచును పట్టి చూడండి. గట్టిగా, పక్కకు వంచినా వంగకుండా ఉంటే అది కండ కాదు, కొవ్వు; ఇన్సులిన్ సమస్యకు గుర్తు కావచ్చు. తోక మొదట్లోనూ తడమండి. బొద్దుగా ముద్దొస్తోందని పిల్లలు వెంటనే మనసు పారేసుకుంటారు, వాళ్లను మొదటిసారి తీసుకెళ్లకపోవడమే మంచిది.

‘లామినైటిస్ ఎప్పుడైనా వచ్చిందా?’ అన్న ప్రశ్నకు జవాబు ఫోన్ సందేశంగా రాయించుకోండి. వ్యాపారి దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం మీకు అండగా ఉంటుంది. మాలాగా సాధారణ వ్యక్తి దగ్గర కొంటే, అబద్ధం చెప్పి అమ్మారని మీరే నిరూపించుకోవాలి.