‘కొవ్వు కరిగించి కండ పెంచే’ మొక్కల క్యాప్సూల్స్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

మా అమ్మకు షుగర్ ఉంది, ఒళ్లూ ఎక్కువే. ఒంట్లో కొవ్వు పెరిగి కండ తగ్గిపోతోందని డాక్టర్ చెప్పారు. అంతలో ఫోన్‌లో ఒక యాడ్ వచ్చింది: పసుపు, గ్రీన్ టీ, ద్రాక్ష తొక్క, మిరియాల సారాలు కలిపిన క్యాప్సూల్స్. ‘న్యాచురల్ అండీ, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. రాత్రి అన్నం మానేయండి చాలు’ అని వాళ్ల ‘డైట్ కోచ్’ చెప్పింది.

అమ్మ అలాగే వాడింది, బరువు తగ్గింది. అందరం సంతోషించాం. కానీ అమ్మ కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. కొవ్వుతో పాటు ఉన్న కాస్త కండా పోయింది. తర్వాత వికారం మొదలైంది. రక్తపరీక్ష చేయిస్తే లివర్ ఎంజైములు బాగా పెరిగి ఉన్నాయి, అంటే లివర్ దెబ్బతింటోందనడానికి గుర్తు. డాక్టర్ వెంటనే క్యాప్సూల్స్ ఆపించారు. ఇప్పుడు నయం.

డబ్బా వెనక ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ (కంపెనీ సొంత మిశ్రమం) అని మొత్తం బరువు ఒక్కటే వేశారు. ఏ సారం ఎంతో లేదు. అసలు ప్రమాదం అక్కడే. గ్రీన్ టీ సారంలోని ఇజిసిజి అనే పదార్థాన్ని సప్లిమెంట్ రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకుంటే లివర్ ఎంజైములు పెరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. మిరియాల సారం పసుపును ఒంటికి బాగా పట్టిస్తుంది, నిజమే. అయితే మనం వేసుకునే కొన్ని మందులనూ అలాగే రక్తంలో పెంచగలదు. షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి. కూరలో పసుపు, చారులో మిరియాల గురించి భయం అక్కర్లేదు. నేను చెప్పేది గాఢమైన సారాల గురించే.

కండ పెరుగుతుందన్న మాటకు ఆధారం చాలావరకు ఎలుకల మీద, ల్యాబ్‌లో కణాల మీద చేసిన ప్రయోగాలే. డెన్మార్క్‌లో పెద్ద వయసు మగవాళ్లకు ఎనిమిది వారాలు వ్యాయామంతో పాటు ద్రాక్షలో ఉండే రెస్వెరట్రాల్ రోజుకు 250 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, వ్యాయామం వల్ల రావాల్సిన లాభం కొంత తగ్గింది. 2013లో వచ్చిన ఆ ఫలితం ఏ యాడ్‌లోనూ కనిపించదు.

అమ్మకు ఇప్పుడు డాక్టర్ చెప్పిన లెక్కలో పప్పు, గుడ్లు, పెరుగు పెడుతున్నాం. ఫిజియో నేర్పినట్టు కుర్చీలో కూర్చుని లేవడం చేయిస్తున్నాం. ఇప్పుడు ఒక చెయ్యి ఆనిస్తే లేస్తోంది.

సీల్ తీశారు కాబట్టి డబ్బు వెనక్కి ఇచ్చేది లేదని క్యాప్సూల్స్ అమ్మినవాళ్లు అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటివి వాడుతుంటే డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా ఆ రోజే వెళ్లండి. బిల్లు, డబ్బా పారేయకండి, ఫిర్యాదుకు పనికొస్తాయి.