కుంట నీటిలో న్యూట్ జాడ: పర్యావరణ డీఎన్ఏ కిట్‌పై సమీక్ష

ఇంగ్లండ్‌లోని చెషైర్ ప్రాంతంలో పొలాల మధ్య లెక్కలేనన్ని నీటికుంటలు ఉన్నాయి. వాటిలో గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే తోక గల ఉభయచరం ఉందో లేదో తేల్చడం నా ఉద్యోగంలో భాగం. ఈ జీవికి చట్టరక్షణ ఉంది కనుక, అది కుంటలో ఉన్నదని తేలితే పక్కన ఇల్లు కట్టాలన్నా రోడ్డు వేయాలన్నా ముందు దాని సంగతి చూడవలసిందే. రెండు సీజన్లుగా ఈ పనికి ఒక ప్రైవేటు ల్యాబ్ పంపే పర్యావరణ డీఎన్ఏ (జీవులు తాము బతికే నీటిలో వదిలే డీఎన్ఏ) కిట్‌ను వాడుతున్నాను.

పెట్టెలో గ్లవ్స్, 30 మిల్లీలీటర్ల గరిటె, ప్లాస్టిక్ సంచి, పిపెట్, ఇథనాల్ మిశ్రమం పోసి ఉంచిన ఆరు ట్యూబులు ఉంటాయి. కుంట చుట్టూ 20 చోట్ల ఒక్కో గరిటె నీరు తీసి సంచిలో పోయాలి. నీళ్లలో కాలు పెట్టకూడదు, అడుగు బురదను కదపకూడదు. బురదలో పాత డీఎన్ఏ చాలాకాలం నిలిచి ఉంటుంది. తరువాత సంచిని బాగా కుదిపి, ఒక్కో ట్యూబులో 15 మిల్లీలీటర్లు పోయాలి. డీఎన్ఏ అడుగుకు దిగిపోతూ ఉంటుంది కాబట్టి ప్రతి ట్యూబుకు ముందూ సంచిని మళ్లీ కుదపాలి. సూచనల కాగితంలో మొదటి పంక్తిలో ఉండవలసిన ఈ మాటను మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాల్లో వేశారు.

పాత పద్ధతిలో మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకు కనీసం నాలుగుసార్లు కుంట దగ్గరికి వెళ్లి, రాత్రి టార్చి వేసి చూడాలి, సాయంత్రం బాటిల్ ఉచ్చులు పెట్టి తెల్లవారాక తీయాలి, ఆకుల మడతల్లో గుడ్లు వెతకాలి. ఆడ న్యూట్ ఒక్కొక్క గుడ్డును నీటిమొక్క ఆకులో పెట్టి వెనక కాళ్లతో మడిచి అంటిస్తుంది; మనం ఆ మడత విప్పితే ఆ గుడ్డుకు రక్షణ పోయినట్టే. కిట్‌తో ఆ బాధ లేదు, పగటిపూట ఒక్కసారి వెళ్తే చాలు. 2015లో ప్రచురితమైన బ్రిటన్ పరిశోధనలో, న్యూట్ ఉన్న కుంటల నుంచి నిపుణులు తీసిన నమూనాల్లో 99.3 శాతం, స్వచ్ఛంద కార్యకర్తలు తీసినవాటిలో 91.2 శాతం సందర్భాల్లో ఈ పరీక్ష దాన్ని పట్టుకున్నది. నా అనుభవమూ అంతే.

అసలు చిక్కు రిపోర్టులో ఉంది. ల్యాబ్ ప్రతి నమూనాను 12 సార్లు పరీక్షిస్తుంది. ఒక్కసారి డీఎన్ఏ కనిపించినా ఉన్నట్టే లెక్క. "12లో 7" అని వచ్చిన రిపోర్టు చూసి ఒక భూమి యజమాని "ఏడు ఉన్నాయన్నమాట" అన్నారు. ఆ అంకెను బట్టి న్యూట్‌ల సంఖ్య చెప్పలేమని రిపోర్టులో ఒక్క వాక్యమైనా రాయాలి. ఎన్ని ఉన్నాయో తెలియాలంటే మళ్లీ రాత్రి సర్వేలే దిక్కు.

చెట్ల నీడలో ఆకులు కుళ్లి నల్లబడిన ఒక కుంట నమూనాకు "తేల్చలేము" అని ఫలితం వచ్చింది. అలాంటి నీటిలోని పదార్థాలు పరీక్షను అడ్డుకుంటాయి. "లేదు" అని రాసేయకుండా నిజం చెప్పినందుకు ల్యాబ్‌ను గౌరవిస్తాను. కానీ ఆ మాట మూడు వారాలు ఆలస్యంగా చెప్పారు. అప్పటికి నమూనాలకు గడువైన జూన్ 30 దాటిపోయింది, ఆ కుంట సంగతి మరుసటి ఏడాదికి వాయిదా పడింది. ఇది క్షమించదగిన ఆలస్యం కాదు.

ఇంకొక అసంతృప్తి కూడా ఉంది. ఆ 600 మిల్లీలీటర్ల నీటిలో చేపలు, కప్పలు, పురుగులు అన్నీ తమ జాడ వదిలి ఉంటాయి, అయినా ఈ కిట్ అడిగేది ఒక్క జీవి గురించే. హైదరాబాద్‌లోని లాకోన్స్ (అంతరించిపోతున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల) శాస్త్రవేత్తలు చిలికా సరస్సు నీటి నుంచి సూక్ష్మజీవులు మొదలు పెద్ద జంతువుల దాకా ఒకే పద్ధతిలో గుర్తించారు. మిగిలిన డీఎన్ఏను అలాంటి పరిశీలనకు దాచి ఉంచుతామని ల్యాబ్ ముందుకు వస్తే, అదనపు రుసుము కట్టడానికి నేను సిద్ధం.

"ఉందా, లేదా" అన్న ప్రశ్న వరకు ఈ కిట్‌ను నిస్సందేహంగా కొనమంటాను. మార్చిలోనే ఆర్డర్ పెట్టి, ఏప్రిల్ 15న నమూనాల కాలం మొదలవగానే నమూనా తీయండి. ఫలితం తేలకపోతే మళ్లీ తీయడానికి వ్యవధి మిగులుతుంది.