అమెరికాలో క్లినికల్ ఎలెక్టివ్: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

వైద్యవిద్య చివరి ఏడాదిలో అమెరికా బోధనాసుపత్రుల్లో, విద్యార్థి తానే ఎంచుకుని కొన్ని వారాలు చేసే శిక్షణ అయిన ఎలెక్టివ్‌లు చేసి కొన్నేళ్లయింది. అక్కడ నేర్చుకున్నదాంట్లో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో రోజూ రోగులను చూస్తున్న ఇప్పుడు బాగా తెలుస్తోంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. రోగి బాధ్యతలో మీకూ వాటా ఇచ్చే ఎలెక్టివ్ అయితే ఎంత శ్రమపడైనా వెళ్లండి. వెనక నిలబడి చూడడమే అయితే, ఆసుపత్రి ఎంత పేరున్నదైనా వద్దంటాను.

నా మొదటి ఎలెక్టివ్ జనరల్ మెడిసిన్ వార్డులో. ఇద్దరు ముగ్గురు రోగులను నాకు అప్పగించేవారు. తెల్లవారుజామునే వెళ్లి, రాత్రి ఏం జరిగిందో నర్సును అడిగి, రోగిని పరీక్షించి, రౌండ్స్‌లో అటెండింగ్ (బృందానికి బాధ్యత వహించే సీనియర్ వైద్యుడు) ముందు కేసు చెప్పాలి. వివరాలు చదివేసి ఊరుకుంటే కుదరదు. జబ్బు ఏమై ఉంటుంది, ఈరోజు ఏం చేద్దాం, ఎందుకు అన్నది కూడా విద్యార్థే చెప్పాలి.

గుండె వైఫల్యంతో కాళ్లు వాచి చేరిన ఒక పెద్దాయనకు ఒంట్లోని నీటిని మూత్రంగా పంపే ఫ్యూరోసెమైడ్ మందును మాత్రలుగా మాని నరంలోకి ఇద్దామన్నాను. ఎందుకన్నారు అటెండింగ్. పేగుల గోడలకు కూడా నీరు పట్టి ఉంటే మాత్ర సరిగ్గా పనిచేయదన్నాను. ‘ఒంట్లో నీరు ఇంకా ఉందని ఎలా చెప్పగలవు?’ అని అడిగి, బృందాన్నంతా మంచం దగ్గరికి తీసుకెళ్లారు. పెద్దాయన తలవైపు 45 డిగ్రీలు ఎత్తించి, టార్చి వెలుగు మెడ మీద ఏటవాలుగా పడేలా పట్టుకుని, అక్కడి జుగులార్ సిర ఎంత ఎత్తు వరకు కొట్టుకుంటోందో (ఒంట్లో నీరు ఎక్కువైతే ఆ ఎత్తు పెరుగుతుంది) నాచేత కొలిపించారు. పొట్ట మీద మెల్లగా నొక్కి ఉంచితే ఆ ఎత్తు ఎలా మారుతుందో చూడమన్నారు. అల్ట్రాసౌండ్ యంత్రం అందుబాటులోనే ఉంది. అయినా ముందు కంటితో, చేత్తో చూశాకే దాని దగ్గరికి వెళ్లేవారు. మెడ సిర చూడడం పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాలేదు, ఆ ఉదయం వచ్చింది. ఇప్పటికీ నా వార్డులో ఏ గుండె వైఫల్యం కేసునైనా రోజువారీ బరువు, మూత్రం లెక్క, మెడ సిరతోనే మొదలుపెడతాను.

రెండో గొప్ప లాభం డ్యూటీ మారేటప్పుడు రోగులను అప్పగించే పద్ధతి. దాన్ని అక్కడ ఐ-పాస్ అంటారు. రోగి పరిస్థితి ఎంత తీవ్రంగా ఉంది, కేసు సారాంశం ఏమిటి, చేయాల్సిన పనులేమిటి, రాత్రి ఫలానాది జరిగితే ఏం చేయాలి అన్నవి వరుసగా చెబుతారు. చివర విన్నవాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ చివరి మెట్టులోనే ఎన్నో పొరపాట్లు దొరికిపోవడం కళ్లారా చూశాను. తొమ్మిది ఆసుపత్రుల పిల్లల వైద్య విభాగాల్లో దీన్ని ప్రవేశపెట్టాక వైద్య తప్పిదాలు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయని 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దీనికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తిరిగొచ్చాక నేను మొదట అమలు చేసింది ఇదే.

భాష తెలియని రోగితో ఫోనులో దుబాసీని పెట్టుకుని మాట్లాడేటప్పుడు ఫోను వైపు కాక రోగి ముఖంలోకి చూడమనేవారు. చిన్న విషయమే, కానీ రోగి మనసు విప్పి మాట్లాడతాడు.

ఇక రెండో ఎలెక్టివ్. విభాగం మరింత ప్రత్యేకమైనది, ఆసుపత్రి మరింత పేరున్నది. అక్కడ రికార్డుల కంప్యూటర్‌లోకి లాగిన్ చేతికి వచ్చేసరికే సగం కాలం అయిపోయింది. రోగి రిపోర్టులు చూడలేనివాడు కేసు ఏం చెబుతాడు? అటెండింగ్ వారం వారం మారిపోయేవారు. ప్రతి సోమవారం మళ్లీ కొత్తవాడినే. మర్యాదలో ఎవరూ లోటు చేయలేదు, కానీ అక్కడ నాకంటూ పని లేకపోయింది. ఈరోజు ఆ వారాల నుంచి నాకు ఉపయోగపడుతున్నది దాదాపు ఏమీ లేదు.

దరఖాస్తు సంగతి. అమెరికా వైద్య కళాశాలల సంఘం నడిపే ఎలెక్టివ్ దరఖాస్తుల ఆన్‌లైన్ వేదిక వీఎస్ఎల్ఓ ద్వారా రాసుకోవాలంటే మన కళాశాల కూడా అందులో భాగస్వామి అయి ఉండాలి. లేకపోతే బయటి విద్యార్థులను నేరుగా తీసుకునే కళాశాలలను వెతుక్కోవాలి. పట్టా చేతికొచ్చిందంటే ఎలెక్టివ్ దారి మూసుకున్నట్టే, ఇక చాలావరకు మిగిలేది రోగిని తాకనివ్వని అబ్జర్వర్‌షిప్. వీసా సాధారణంగా బీ-1. ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం చూపాలి, జీతం తీసుకోకూడదు. అన్నిటికన్నా ముందు టీకాల కాగితాలు మొదలుపెట్టండి. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు పూర్తవడానికే మామూలుగా 6 నెలలు పడుతుంది. వేయించుకున్నామంటే చాలదు, రక్తంలో ఆ టీకా వల్ల వచ్చే యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు ఉన్నట్టు రిపోర్టు అడుగుతారు. క్షయ టీకా బీసీజీ వేయించుకున్నవాళ్లకు క్షయ చర్మపరీక్ష తప్పుగా పాజిటివ్ చూపవచ్చు కాబట్టి, ఆసుపత్రి ఒప్పుకుంటే క్షయకే చేసే ఐజీఆర్‌ఏ అనే రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. వైద్య పొరపాట్ల బీమా ఎవరు కడతారో కూడా ముందే తేల్చుకోండి.

చాలామంది వెళ్లేది సిఫారసు లేఖ కోసం. అందులో తప్పేమీ లేదు. 2022 జనవరి నుంచి అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1లో మార్కులు ఇవ్వడం మానేశారు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. అక్కడ రెసిడెన్సీ (పట్టా తర్వాత ఆసుపత్రిలో చేసే ప్రత్యేక శిక్షణ) కోరుకునేవారికి మిగతా ఆధారాల మీద భారం పెరిగింది. అయితే లేఖ బరువు రాసినవారి హోదాలో కన్నా, వారు మిమ్మల్ని ఎంత దగ్గరగా చూశారన్న దాంట్లో ఉంటుంది. నాతో వారాల తరబడి రౌండ్స్ చేసిన అటెండింగ్, పెద్దాయన కేసును ప్రస్తావిస్తూ నా గురించి మరొకరితో మాట్లాడడం విన్నాను. వారం చూసినవారు అలా చెప్పలేరు. సగం కాలం గడిచాక మీరే వెళ్లి, నేను ఏం మెరుగుపరుచుకోవాలో చెప్పండని అడగండి. లేఖ మాట ఆ తర్వాత.

రోగి ఎదుట విద్యార్థినని స్పష్టంగా చెప్పుకోండి. మన దగ్గర ఒంటరిగా చేయడానికి అనుమతి లేని ఏ పనీ అక్కడా ఒంటరిగా చేయవద్దు. నాకు అక్కడ ఎవరూ ఒత్తిడి చేయలేదు, మిమ్మల్ని ఎవరైనా చేస్తే కాదనే హక్కు మీకుంది.

సీటు ఒప్పుకునే ముందు ఆ విభాగానికి రాసి మూడు విషయాలు అడగండి. లాగిన్ మొదటి రోజే ఇస్తారా? రోగులను స్వయంగా చూసి కేసు చెప్పనిస్తారా? ఒకే అటెండింగ్ ఎన్ని వారాలు ఉంటారు? సమాధానాలు దాటవేస్తే నేనైతే ఆ సీటు వదులుకుని, అంత పేరు లేకపోయినా ఈ మూడింటికీ సూటిగా జవాబిచ్చిన జనరల్ మెడిసిన్ వార్డుకే వెళ్తాను.