మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి పడే స్టార్లు: ఏ స్టోరులో ఎంతవరకు నమ్మొచ్చు?

ప్లే స్టోరులో ఏదో ఒక తంబురా యాప్ తీసుకుని, ఒక స్టార్ రివ్యూలు మాత్రమే తెరిచి చూడండి. "స్క్రీన్ ఆఫ్ కాగానే శ్రుతి ఆగిపోతోంది, డబ్బులు దండగ" అన్న ఫిర్యాదు తరచూ తగులుతుంది. షావోమీ, ఒప్పో, వివో, రియల్‌మీ లాంటి ఫోన్లలో బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే యాప్‌లను సిస్టమే ఆపేస్తుంటుంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీకి వెళ్లి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు తీసేస్తే చాలాసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. స్టార్ మాత్రం యాప్ ఖాతాలోనే తెగిపోయింది.

"శ్రుతి పీలగా ఉంది, మంద్ర షడ్జం వినపడట్లేదు" అన్నది ఇంకో రకం. ఒకటో శ్రుతికి, అంటే కీబోర్డు మీద సి కి కట్టిన తంబురాలో పంచమం తీగ 98 హెర్ట్జ్ దగ్గర, మంద్ర షడ్జం తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతాయి. ఫోను స్పీకరు రెండు మూడు వందల హెర్ట్జ్ కిందికి దిగేసరికే చేతులెత్తేస్తుంది. ఆ రివ్యూ నిజానికి స్పీకరు మీద రాసింది. ఇయర్‌ఫోన్ పెట్టి విన్నాక రాసి ఉంటే దానికి విలువ ఉండేది.

మూడోది కీబోర్డు, డ్రమ్ యాప్‌ల కింద కనిపించే "నొక్కిన తర్వాత లేటుగా మోగుతోంది". రాసినవాళ్లు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడారో లేదో చెప్పరు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. వేళ్లతో వాయించేవాళ్లకి 25, 30 మిల్లీసెకన్లకే తేడా తెలిసిపోతుంది. వైరు ఇయర్‌ఫోన్‌తో కూడా ఆలస్యం ఉంటే అప్పుడు ఫోనుని అనుమానించాలి. ఆండ్రాయిడ్‌లో ప్రొఫెషనల్ ఆడియోకి పనికొస్తుందని ఫోను ప్రకటించుకోవాలంటే, శబ్దం లోపలికి వెళ్లి బయటికి రావడానికి ఆండ్రాయిడ్ వెర్షన్‌ని బట్టి 20 లేదా 25 మిల్లీసెకన్లు మించకూడదన్నది గూగుల్ పెట్టిన షరతు. తక్కువ ధర ఫోన్లు చాలావరకు ఆ గడప దాటవు. ఇవన్నీ చూశాక కూడా ఆలస్యం ఉంటేనే యాప్ తప్పు.

మరి ఏ ఫిర్యాదు పనికొస్తుంది? "నాలుగున్నర శ్రుతిలో పెట్టి ట్యూనరుతో చూస్తే 6 సెంట్లు తక్కువ పలుకుతోంది." (సెంటు అంటే కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు.) "రికార్డు చేసిన ముక్క మళ్లీ మొదలయ్యే చోట టక్కుమంటోంది." "పంచమం తీగని మధ్యమానికి మార్చే వీలు లేదు." పున్నాగవరాళి, కురంజి లాంటి రాగాలు మధ్యమ శ్రుతిలో పాడేవాళ్లకి ఈ చివరి వాక్యం ఒక్కటే వంద ఐదు-స్టార్ రివ్యూల పెట్టు. ఇలాంటి రివ్యూలు సాధారణంగా మూడు, నాలుగు స్టార్ల దగ్గర ఉంటాయి. అందుకే ముందు అవే చదవాలి.

ఇక అంకెల సంగతి. ప్లే స్టోరులో కనిపించే సగటు మామూలు సగటు కాదు. 2019 ఆగస్టు నుంచి తాజా స్టార్లకి ఎక్కువ బరువు ఇస్తున్నారు. 2021 నవంబరు నుంచి ఏ దేశంలో ఉన్నవాళ్లకి ఆ దేశపు వాడుకరులు ఇచ్చిన రేటింగే చూపిస్తున్నారు. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఫోనులో 4.6, విజయవాడలో మీ ఫోనులో 3.9 కనపడితే రెండూ నిజమే. అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ వాడే ఫోన్లు వేరు, ధర వేరు. మన దగ్గర బడ్జెట్ ఫోన్ల బాధ ఆ అంకెలో కలిసే ఉంటుంది కాబట్టి, మీ చేతిలో ఉన్నది ఐదారు వేల రూపాయల ఫోను కాకపోతే ఆ 3.9 మరీ భయపడాల్సిన అంకె కాదు.

యాపిల్ యాప్ స్టోరులోనూ రేటింగ్ దేశాన్ని బట్టే. అదనంగా అక్కడ ఇంకో వెసులుబాటు ఉంది. కొత్త వెర్షన్ విడుదల చేసేటప్పుడు డెవలపర్ కోరుకుంటే సగటు అంకెను సున్నా నుంచి మొదలుపెట్టొచ్చు. రాసిన రివ్యూలు మాత్రం చెరిగిపోవు. ఏళ్ల నుంచి ఉన్న యాప్‌కి 4.9 అని, పక్కన ఓట్లు 40 మాత్రమే ఉన్నాయంటే, తాజా రివ్యూల వరసలో పెట్టి పాతవాటిదాకా కిందికి జరపండి.

యాప్ స్టోరులో అంకెకీ మాటలకీ పొంతన కుదరకపోవడానికి అసలు కారణం వేరే ఉంది. "రేటింగ్ ఇస్తారా?" అన్న పెట్టె ఏడాదిలో మూడుసార్లకి మించి చూపకూడదని యాపిల్ నియమం. ఎప్పుడు అడగాలన్నది మాత్రం డెవలపర్ ఇష్టం. రికార్డింగ్ సాఫీగా సేవ్ అయిన క్షణంలోనే అడుగుతారు, సహజం. మధ్యలో యాప్ కూలిపోయినవాడికి ఆ పెట్టె కనపడదు. వాడు పనిగట్టుకుని స్టోరుకి వెళ్లి నాలుగు ముక్కలు తిట్టి వస్తాడు. అలా అంకె సంతోషంగా ఉన్నవాళ్లది, మాటలు కోపంగా ఉన్నవాళ్లది అవుతాయి. 4.7 కింద వరసగా తిట్లే ఉంటే ఎవరో మోసం చేశారనుకోనక్కర్లేదు.

కరోకే యాప్‌ల రివ్యూల్లో పాట నాణ్యత గురించి వెతకడం వృథా. అక్కడి గొడవ ఎక్కువగా చందా తనంతట తాను రెన్యూ అయి డబ్బు కట్ అవడం గురించి. యాప్ తీసేస్తే చందా ఆగదు. స్టోరు ఖాతాలో సబ్‌స్క్రిప్షన్స్ పేజీకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

కంప్యూటరు సాఫ్ట్‌వేర్‌కి వచ్చేసరికి ఆట మారుతుంది. ఓట్లు తక్కువ, రాతలు పొడవు. ఉన్నవాటిలో పద్ధతిగా కట్టింది స్టీమ్, అంటే ఎక్కువగా ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం. రివ్యూ పక్కనే ఆ మనిషి ఎన్ని గంటలు వాడాడో కనపడుతుంది. స్టీమ్‌లో కొనకుండా బయట నుంచి వచ్చిన కీతో (యాక్టివేషన్ కోడుతో) తెరిచినవాళ్ల ఓట్లు 2016 నుంచి మొత్తం స్కోరులో కలపడం లేదు. గత 30 రోజుల తీర్పు విడిగా ఉంటుంది. 0.4 గంటలు వాడి "చెత్త" అన్నవాడిని, 600 గంటలు వాడి "ఆటోమేషన్ దగ్గర తప్పులున్నాయి" అన్నవాడిని పక్కపక్కన పెట్టి చూడొచ్చు. లోటల్లా ఒకటే: సంగీతం సాఫ్ట్‌వేర్ అక్కడ కొద్దిగానే దొరుకుతుంది. స్టూడియోల్లో వాడే ప్లగిన్లలో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల తెరుచుకునే వాయిద్యాలు, ఎఫెక్టులు) చాలావాటికి స్టీమ్‌తో పనే లేదు.

కేవీఆర్ ఆడియో అనే సైటు ప్లగిన్ల విషయంలో పెద్ద గోదాము. చాలా రివ్యూల్లో ఏ వెర్షన్‌ని, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద చూశారో రాసి ఉంటుంది, అది బంగారం. కానీ ఒక్కో ప్లగిన్‌కి రెండు మూడు రివ్యూలే ఉండటం, అవీ పదేళ్ల నాటివి కావడం మామూలు. పాత రివ్యూ చదివేటప్పుడు మూడు తేదీలు గుర్తుంచుకోండి. 2019లో మ్యాక్ క్యాటలీనా 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా ఆపేసింది. 2020 నవంబరులో యాపిల్ సొంత ఎం1 చిప్ వచ్చింది. 2022 జనవరిలో స్టైన్‌బర్గ్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో వీఎస్‌టీ2 అనే పాత రకం ప్లగిన్లకి రెండేళ్లలో మంగళం పాడతానని చెప్పింది. వీటికి ముందు "రాయిలా నిలబడింది, ఒక్కసారి కూడా కూలిపోలేదు" అని రాసిన మాట అప్పటికి నిజం. ఈనాటి మీ మెషిన్ గురించి అది ఏమీ చెప్పదు.

ప్లగిన్లు అమ్మే సైట్లలో స్టార్లని ఇంకాస్త దూరం నుంచి చూడాలి. సరుకు అమ్మేదీ, రివ్యూ అచ్చేసేదీ ఒకే దుకాణం. పైగా చాలా రివ్యూలు సేల్ సమయంలో కొన్నవాళ్లవి. 149 డాలర్ల ప్లగిన్ 29కి దొరికిన సంతోషంలో పడ్డ ఐదు స్టార్లు ధరకి పడ్డవే. "ఈ రేటుకి ఇంకేం కావాలి" అన్న వాక్యం కనిపిస్తే, పూర్తి ధర పెట్టి కొనేవాళ్లు దాన్ని లెక్కలోంచి తీసేయాలి.

ఓట్లు తక్కువగా ఉన్నచోట ఒక చిన్న లెక్క సాయపడుతుంది. ప్రతి ప్లగిన్‌కీ ఊహగా 20 మంది మూడేసి స్టార్లు ఇచ్చారనుకుని కలపండి. ఆరుగురు ఐదేసి ఇచ్చిన "5.0" ప్లగిన్‌కి 60కి 30 కలిపి 26తో భాగిస్తే 3.46 వస్తుంది. 300 మంది ఇచ్చిన 4.4 సగటు ఇదే లెక్కలో 4.31 దగ్గర నిలుస్తుంది. 20 అన్న అంకె శాస్త్రం కాదు, అనుమానానికి మనం పెట్టుకున్న కొలత. మరీ పిసినారి అయితే 50 పెట్టుకోండి.

వాయిద్యాల లైబ్రరీల (రికార్డు చేసిన వాయిద్య శబ్దాల మూటల) మీద పడే ఒక స్టార్లలో ఒకటి మరీ అన్యాయమైనది: "పదిహేను నిమిషాలకి ఆగిపోతోంది". ఆ లైబ్రరీలను మోగించే సాఫ్ట్‌వేర్, నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల కాంటాక్ట్‌లో రెండు రకాలున్నాయి. ప్లేయర్ ఉచితం, పూర్తి కాంటాక్ట్ కొనాలి. తయారుచేసినవాళ్లు ప్లేయర్ కోసం లైసెన్స్ తీసుకోని లైబ్రరీని ప్లేయర్‌లో తెరిస్తే 15 నిమిషాల డెమోగా నడిచి ఆగిపోతుంది. ఈ సంగతి సరుకు పేజీలో ఉండాలి, కొనేముందు చూసుకోవాలి. అలాగే "ఇన్‌స్టాల్ అయింది గానీ కనపడట్లేదు". రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో లాజిక్ 'ఆడియో యూనిట్' రకం ప్లగిన్లనే చదువుతుంది, ప్రో టూల్స్ 'ఏఏఎక్స్' రకాన్నే చదువుతుంది. ఒక్క వీఎస్‌టీ3లోనే వచ్చిన ప్లగిన్ ఆ రెండింట్లోనూ ఎన్నిసార్లు స్కాన్ చేసినా రాదు. పాటలు తయారుచేసే ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్ మీద "సేవ్ చేసిన పాట మళ్లీ తెరుచుకోవట్లేదు" అన్న కోపం కూడా ఇదే జాతి. ట్రయల్‌లో సేవ్ అవుతుంది, లైసెన్స్ కొనేదాకా తిరిగి తెరవనివ్వదు. డీజే రీమిక్సులు చేసే కుర్రాళ్లు రాత్రంతా కూర్చుని చేసిన పని గురించి కాబట్టి కోపం అర్థమవుతుంది. అది లోపం కాదు, షరతు.

"నా సిస్టమ్‌లో శబ్దం పగులుతోంది" అన్న రివ్యూలో మూడు అంకెలు వెతకండి: ప్రాసెసర్ ఏది, శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారు) ఎంత, బఫర్ (ఒక్కో విడతలో తయారుచేసే కొలతలు) ఎంత. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 512 అయితే ఒక్కో ముక్క తయారు చేయడానికి కంప్యూటరుకి 11.6 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. 96 కిలోహెర్ట్జ్ దగ్గర 64 పెట్టుకుంటే మిగిలేది 0.67 మిల్లీసెకన్లు. ఆ రెండో సెట్టింగులో బరువైన సింథ్ ఏదైనా పగులుతుంది. అంకెలు లేని ఫిర్యాదుని దాటి వెళ్లిపోండి.

కంపెనీ మీద కోపంతో పడే స్టార్లు వేరే లెక్క. 2023 మార్చిలో వేవ్స్ అనే ప్లగిన్ల కంపెనీ శాశ్వత లైసెన్సులు ఆపేసి చందా మాత్రమే అన్నప్పుడు వాడుకరులు భగ్గుమన్నారు. కొద్దిరోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గింది. 2021లో ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మ్యూస్ గ్రూపు చేతికి వెళ్లాక, జులైలో వచ్చిన ప్రైవసీ పాలసీ చూసి గూఢచారి సాఫ్ట్‌వేర్ అన్నారు. పాలసీ తర్వాత తిరగరాశారు. ఇలాంటి నెలల్లో పడ్డ స్టార్లు కంప్రెసర్ (మోత ఎగుడుదిగుళ్లను తగ్గించే ప్లగిన్) ఎలా పనిచేస్తుందో చెప్పవు. కానీ ఆ కంపెనీతో పదేళ్లు కాపురం చేయాల్సినవాళ్లకి అవి చదవదగ్గవే.

అసలు శబ్దం గురించిన పొగడ్తలే నమ్మదగ్గవాటిలో అట్టడుగున ఉంటాయి. "ఆన్ చేయగానే గొంతుకి వెచ్చదనం వచ్చింది" అన్నదాని వెనక చాలాసార్లు ఉండేది ఒకటి రెండు డెసిబెల్స్ ఎక్కువ మోత. మోత పెరిగితే చెవికి అది మెరుగైనట్టే అనిపిస్తుంది. డెమో దించుకుని, యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ లాంటి ఉచిత మీటరుతో ప్లగిన్ ముందూ వెనకా మోతను 0.1 డెసిబెల్ తేడాకి తెచ్చి అప్పుడు వినండి. రెండు ఈక్వలైజర్లని పోల్చాలంటే, ఒకే ట్రాకుని రెండుగా చేసి, ఒక్కోదాని మీద ఒక్కో ప్లగిన్ ఒకే సెట్టింగుతో పెట్టి, ఒకదాని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి వినండి. నిశ్శబ్దం వచ్చిందంటే "దీని శబ్దం వేరే లెవెల్" అన్న రివ్యూలన్నీ బొమ్మ చూసి రాసినవే. ఏదో మిగిలితే ఆ మిగిలిందే తేడా. అది చెవికి తెలుస్తుందా అన్నది ఫూబార్ 2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్షతో (ఏది మోగుతోందో చూడకుండా చెవితోనే కనిపెట్టే పరీక్షతో) తేలుతుంది. ఊరికే ఊహించి 16సార్లలో 12 గానీ అంతకు మించి గానీ సరిగ్గా చెప్పగలిగే అవకాశం నూటికి నాలుగు పాళ్లే.

మన వాయిద్యాల లైబ్రరీలకి ఈ పరీక్షలు చాలవు. సితార్, వీణ, నాదస్వరం లైబ్రరీలకి "అచ్చం నిజంలా ఉంది" అని ఐదు స్టార్లు ఇచ్చేవాళ్లలో చాలామందికి కావాల్సింది సినిమా నేపథ్యంలో రెండు సెకన్ల రంగు. దానికి అది సరిపోతుంది. తోడి గాంధారం ఊగాలంటే పిచ్ వీల్ ఎన్ని స్వరాల దూరం లాగొచ్చు, లాగినప్పుడు శాంపిల్ గొంతు మారుతుందా, స్వరం నుంచి స్వరానికి మీటు వినపడకుండా జారే వీలుందా అన్నవి తేలాలి. రివ్యూలో గమకం, జారు, మీటు లాంటి మాట ఒక్కటీ లేకపోతే, ఆ స్టార్లు కర్ణాటక సంగీతం వాయించేవాళ్లకి కాదు.

యూట్యూబ్ రివ్యూలు చేసేవాళ్లకి కంపెనీలు అమ్ముకోవడానికి వీల్లేని ఉచిత కాపీలు ఇవ్వడం, కింద లింకు మీద కమిషను రావడం ఈ రంగంలో మామూలు. డబ్బో సరుకో పుచ్చుకుని చేసిన వీడియోలో ఆ సంగతి చెప్పాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి (ఏఎస్‌సీఐ) 2021లో మార్గదర్శకాలు పెట్టింది. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ మీద 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 తెచ్చింది, అది మొదట స్వచ్ఛందంగానే మొదలైంది. వీడియోలో మాట కంటే స్క్రీన్ చూడండి. సీపీయూ మీటరు ఎంత చూపిస్తోందో, మోత సమానం చేశారో లేదో అక్కడ దొరికిపోతుంది.

కాబట్టి రివ్యూల్ని కూలిపోవడం, లైసెన్స్, కస్టమర్ సపోర్ట్ కోసం చదవండి. శబ్దం కోసం డెమో వాడండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఏ కోతా లేకుండా చూడనిస్తుంది. ప్లే స్టోరులో కొన్న యాప్ నచ్చకపోతే 48 గంటల లోపు డబ్బు వెనక్కి అడగొచ్చు. ప్లగిన్ల దగ్గర ఈ సౌకర్యం అరుదు, సీరియల్ ఒకసారి యాక్టివేట్ చేశాక చాలా దుకాణాలు తిరిగి తీసుకోవు. కొనే ముందు ఆ పేజీలోనే "ఐలాక్" (లైసెన్సుకి కాపలా కాసే పద్ధతి), "యాక్టివేషన్", "ట్రాన్స్‌ఫర్" అన్న మాటలకి ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికి, వచ్చిన రివ్యూలు ఏ తేదీవో చూసి, అప్పుడు కార్డు బయటికి తీయండి.