ఎడిటర్‌లోంచే ఫైళ్లు సర్దాలంటే డైర్డ్, ఆయిల్, నెట్‌ఆర్‌డబ్ల్యూ, వీఎస్ కోడ్‌లలో ఏది మేలు?

డైర్డ్ అనేది ఈమాక్స్ ఎడిటర్‌లోది, నెట్‌ఆర్‌డబ్ల్యూ విమ్ ఎడిటర్‌తో వచ్చేది, ఆయిల్ విమ్‌కి కొత్త రూపమైన నియోవిమ్‌కి పెట్టుకునే ప్లగిన్, వీఎస్ కోడ్ తనే ఒక ఎడిటర్. ఫైలు తెరిచి చూసుకోవడం వరకూ ఏ ఎడిటరైనా ఒకటే. పేర్లు మార్చేటప్పుడు, ఒక ఫోల్డర్‌లోంచి ఇంకోదాంట్లోకి తరలించేటప్పుడు, తీసి పారేసేటప్పుడు తేడా బయటపడుతుంది. అందుకని చూడాల్సినవి రెండే. కళ్లముందున్న జాబితాని మామూలు టెక్స్టులా దిద్దనిస్తుందా లేదా? దిద్దింది డిస్కు మీదికి ఎప్పుడు పోతుంది, కీ నొక్కగానేనా, సేవ్ కొట్టాకా? ఐకాన్లూ రంగులూ ఆ తరవాత చూసుకోవచ్చు.

నెల్లూరు, ఒంగోలు వైపు ఆఫీసుల్లో నిజంగా తగిలే రెండు పనులు పెట్టుకుని పోలుద్దాం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు, గుడ్లూరు, లింగసముద్రం, ఉలవపాడు, వోలేటివారిపాలెం మండలాలు ప్రకాశం నుంచి నెల్లూరుకు వెళ్లాయి. జిల్లాకో ఫోల్డరు, దాని కింద మండలానికో ఫోల్డరు పెట్టి డేటా దాచుకున్న చోట అప్పుడు ఈ ఐదింటినీ అటు మార్చాల్సి వచ్చింది. ఇది మొదటి పని. రెండోది చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ స్లాబుల ఫొటోలు. కెమెరా పెట్టిన పేర్లు తీసేసి బ్లాక్ నంబరు, స్లాబ్ నంబరు వెయ్యకపోతే కొనే పార్టీకి ఏ ఫొటో ఏ స్లాబుదో అంతుబట్టదు.

మొదటి పనికి వీఎస్ కోడ్ చాలు. కంట్రోల్-షిఫ్ట్-ఈ కొడితే ఎడమవైపు ఎక్స్‌ప్లోరర్, అంటే ఫైళ్ల చెట్టు తెరుచుకుంటుంది. కంట్రోల్ పట్టుకుని ఐదు ఫోల్డర్లూ క్లిక్ చేసి, కంట్రోల్-ఎక్స్ కొట్టి, నెల్లూరు ఫోల్డర్ మీద కంట్రోల్-వి. మౌసుతో లాగినా సరే, తరలించమంటారా అని అడుగుతుంది. ఆ ప్రశ్న విసుగనిపించి చాలామంది ఆపేస్తారు గానీ ఆపొద్దు. చెయ్యి జారి పక్క ఫోల్డర్‌లో పడేసినప్పుడు కాపాడేది అదే. ఇంకో చిక్కుంది. ఒక ఫోల్డర్‌లో ఇంకొక్క ఫోల్డర్ తప్ప ఏమీ లేకపోతే వీఎస్ కోడ్ రెండింటినీ కలిపి ఒకే లైనులో చూపిస్తుంది. అక్కడ పట్టుకుని లాగితే లోపలిది కదులుతుందో, బయటిదీ కలిసి కదులుతుందో తెలియక తికమక పడతారు. సెట్టింగుల్లో ‘కాంపాక్ట్ ఫోల్డర్స్’ తీసేస్తే ఆ గొడవ ఉండదు.

వీఎస్ కోడ్‌లో నిజంగా మెచ్చుకోవాల్సింది వెనక్కి తీసుకునే సౌకర్యం. ఎక్స్‌ప్లోరర్ మీద ఫోకస్ ఉన్నప్పుడు కంట్రోల్-జెడ్ కొడితే మార్చిన పేరు, తరలించిన ఫైలు వెనక్కొస్తాయి. డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌కి పోతుంది, షిఫ్ట్-డిలీట్ కొడితేనే పూర్తిగా పోయేది. టైప్‌స్క్రిప్ట్, జావాస్క్రిప్ట్ ఫైళ్లు తరలిస్తే ఇంపోర్టులు, అంటే వాటిని పిలిచే లైన్లలోని దారులు, సరిచెయ్యమంటారా అని కూడా అడుగుతుంది. వెబ్ ప్రాజెక్టులు చేసుకునే ఇంజనీరింగ్ పిల్లలకి ఇంతకన్నా అక్కర్లేదు.

రెండో పనికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఎఫ్-2 కొడితే ఒక్క పేరే మారుతుంది. ఒక బ్లాకుకి అరవై ఫొటోలుంటే అరవై సార్లు కొట్టాలి. ఫైలు సైజు, తేదీ ఆ చెట్టులో కనబడనే కనబడవు.

ఈమాక్స్‌లోని డైర్డ్‌కి మొదటి పని కూడా నల్లేరు మీద నడకే. కంట్రోల్-ఎక్స్ డి తో ఒక విండోలో ప్రకాశం, పక్క విండోలో నెల్లూరు తెరవండి. కావలసిన ఫోల్డర్ల మీద ఎమ్ కొడితే గుర్తు పడుతుంది, షిఫ్ట్-ఆర్ కొడితే ఎక్కడికి అని అడుగుతుంది. ‘డైర్డ్-డ్విమ్-టార్గెట్’ ఆన్ చేసి ఉంటే పక్క విండోలోని ఫోల్డర్‌ని తానే గమ్యంగా చూపిస్తుంది, ఎంటర్ కొట్టడమే. మామూలుగా ఇది ఆఫ్‌లో ఉంటుంది, డైర్డ్ వాడేవాళ్లు ముందు మార్చుకోవాల్సింది ఇదే. కదిపిన ఫైలు అప్పటికే తెరిచి ఉంటే ఆ బఫర్ (ఎడిటర్‌లో తెరిచి ఉన్న ప్రతి) కూడా కొత్త చోటుకి మారుతుంది, కాబట్టి తరవాత సేవ్ కొడితే పాత చోట ఇంకో కాపీ పుట్టదు.

ఫొటోల దగ్గర అసలు పనితనం కనిపిస్తుంది. డైర్డ్‌లో కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-క్యూ కొడితే జాబితా దిద్దుకోవడానికి తెరుచుకుంటుంది. కెమెరా పేర్లన్నీ ఒకే పొడవు, అంటే ఎనిమిది అక్షరాలు, చుక్క, ఎక్స్‌టెన్షన్. మొదటి పేరు మొదట్లో కంట్రోల్-స్పేస్ తో మార్క్ పెట్టి, చివరి పేరులో ఎనిమిదో అక్షరం దాటి కర్సర్ పెట్టి కంట్రోల్-ఎక్స్ ఆర్ కె కొడితే ఆ నిలువు పట్టీ మొత్తం పోయి ఎక్స్‌టెన్షన్లు మాత్రం మిగులుతాయి. మళ్లీ మొదటి లైను నుంచి చివరి లైను దాకా పేరు మొదలయ్యే చోటే పట్టుకుని, కంట్రోల్-యు కొట్టి, కంట్రోల్-ఎక్స్ ఆర్ షిఫ్ట్-ఎన్. మొదలు సంఖ్య అడుగుతుంది, 1 ఇవ్వండి. తరవాత ఫార్మాట్ అడుగుతుంది. బ్లాక్ నంబరు 214 అనుకుంటే 214, గీత, శాతం గుర్తు, 03, చిన్న డి అక్షరం వరసగా, ఖాళీ లేకుండా ఇవ్వాలి. పేర్లు 214-001, 214-002 అని వరసన పడతాయి. కళ్లతో ఒకసారి చూసుకుని కంట్రోల్-సి కంట్రోల్-సి కొడితేనే డిస్కు మీద మారేది. నచ్చకపోతే కంట్రోల్-సి కంట్రోల్-కె కొడితే ఏమీ జరగనట్టే.

తప్పు జరిగేది వరస దగ్గర. కెమెరా లెక్క 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. అందువల్ల పేరు వరసలో పెడితే ఆఖర్న తీసిన స్లాబులు ముందుకొచ్చి కూర్చుంటాయి. తేదీ వరసలో పెట్టాలంటే ఎస్ కీ ఉంది, కానీ అది కొత్తదాన్ని పైన పెడుతుంది. అలాగే నంబర్లు వేసేస్తే స్లాబులన్నీ తలకిందులవుతాయి. కంట్రోల్-యు కొట్టి ఎస్ నొక్కితే జాబితా తయారుచేసే ఎల్ఎస్ కమాండ్ స్విచ్చులు దిద్దుకోవచ్చు. వాటికి టి, ఆర్ చేర్చితే పాతది పైకి వస్తుంది. ఇదంతా దిద్దే మోడ్‌లోకి వెళ్లకముందే చేసుకోవాలి.

డైర్డ్‌లో వెనక్కి తీసుకోవడం మాత్రం లేదు. అక్కడ అండూ కొడితే గుర్తులు వెనక్కొస్తాయేమో గానీ ఫైళ్లు రావు. డి తో గుర్తు పెట్టి ఎక్స్ కొట్టాక పోయింది పోయినట్టే. తీసేసినవి ట్రాష్‌కి పంపే ‘డిలీట్-బై-మూవింగ్-టు-ట్రాష్’ ఆన్ చేసుకోవడం తప్పనిసరి అనే నా మాట.

నియోవిమ్ వాడేవాళ్లకి ఇదే పద్ధతిని ఆయిల్ అనే ప్లగిన్ ఇస్తుంది. ఇంకా చెప్పాలంటే ఒక అడుగు ముందే ఉంది, మోడ్ మార్చే పనే లేదు, ఫోల్డర్ తెరిస్తే అదే దిద్దుకునే బఫర్. ప్రకాశంలో ఐదు లైన్లు డిడి తో కోసి, నెల్లూరు తెరిచి పి తో అతికించి, కోలన్ డబ్ల్యూ (సేవ్) కొడితే ఏది ఎక్కడికి పోతుందో జాబితా చూపించి ఒప్పుకుంటారా అంటుంది. కొత్త ఫోల్డర్ కావాలంటే లైను రాసి చివర స్లాష్ పెట్టాలి. మర్చిపోతే ఆ పేరుతో ఖాళీ ఫైలు పుడుతుంది.

కోసిన లైను పక్క ఫోల్డర్‌లో అతికిస్తే అదే ఫైలని ఆయిల్‌కి ఎలా తెలుస్తుంది? ప్రతి లైను మొదట్లో కంటికి కనబడని ఐడి నంబరు ఒకటి దాచి ఉంచుతుంది. ఫొటోలకి నంబర్లు వేసేటప్పుడు ఇదే కొంప ముంచుతుంది. విమ్‌లో పేర్లన్నిటికీ 214-000 పెట్టి, సున్నాలు సెలెక్ట్ చేసి, జి కంట్రోల్-ఎ కొడితే 001, 002 అని పెరుగుతూ పోతాయి. మొత్తం లైన్లు సెలెక్ట్ చేసి కొడితే మాత్రం లైనులో మొదట తగిలే సంఖ్య పెరుగుతుంది, అంటే ఆ దాచిన ఐడి. అప్పుడు ఒక ఫైలు లైను ఇంకో ఫైలుది అయిపోతుంది. కాబట్టి కంట్రోల్-వి తో మూడు సున్నాల పట్టీ మాత్రమే పట్టుకోవాలి. పక్కనున్న గీతను కలుపుకోవద్దు, కలిపితే విమ్ దాన్ని మైనస్ అనుకుంటుంది. సేవ్ చేసేముందు చూపించే జాబితాని చదవకుండా వై కొట్టే అలవాటుంటే ఆయిల్ జోలికి పోకపోవడం మంచిది. దీంట్లో కూడా ట్రాష్ సెట్టింగ్ మామూలుగా ఆఫ్.

ప్లగిన్లు వద్దు, పాత విమ్ చాలు అనుకునేవాళ్లకి మోర్‌యుటిల్స్ ప్యాకేజీలోని విడిర్ ఉంది. జాబితాకి నంబర్లు వేసి ఎడిటర్‌లో తెరుస్తుంది, పేరు దిద్దితే పేరు మారుతుంది, లైను తీసేస్తే ఫైలే పోతుంది. దీంట్లో ఇంకో ముల్లు. సొంత విమ్‌ఆర్‌సి (సెట్టింగుల ఫైలు) రాసుకుంటే విమ్ తన డిఫాల్ట్ సెట్టింగులు చదవదు, అప్పుడు సున్నాతో మొదలయ్యే సంఖ్యని ఆక్టల్‌గా, అంటే 8, 9 అంకెలు లేని లెక్కలో, లెక్కేస్తుంది, 007 తరవాత 010 వస్తుంది. స్లాబు 8, 9 ఎటు పోయాయని వెతుక్కోవాలి. ‘ఎన్ఆర్ఫార్మాట్స్’ లోంచి ఆక్టల్ తీసెయ్యండి. నియోవిమ్‌లో ముందే తీసేసి ఉంటుంది.

నెట్‌ఆర్‌డబ్ల్యూ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. విమ్‌తోనే వస్తుంది, కోలన్ ఇ-ఎక్స్ అంటే తెరుచుకుంటుంది, చూడటానికి బాగానే ఉంటుంది. తరలించాలంటే గమ్యం మీద ఎమ్-టి, ఫైళ్ల మీద ఎమ్-ఎఫ్, ఆపైన ఎమ్-ఎమ్. ఫోల్డర్లు తిరుగుతున్నా విమ్ ప్రస్తుత డైరెక్టరీ మారదు కాబట్టి ఫైలు దొరకలేదని ఎర్రర్లు వస్తుంటాయి. ‘నెట్‌ఆర్‌డబ్ల్యూ కీప్‌డిర్’ విలువ సున్నా చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పైగా ఇక్కడ చిన్న డి కొత్త ఫోల్డర్ చేస్తుంది, పెద్ద డి ఫైలు తీసేస్తుంది. డైర్డ్ అలవాటైన చేతికి ఇది ప్రమాదం.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లు గమనించాల్సింది వేరే ఉంది. లినక్స్ డిస్కుల్లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంలో పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో కోడ్ పాయింటుకి (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకి) 3 బైట్లు, గుణింతం, పొల్లు విడివిడిగా లెక్క. ‘చీమకుర్తి’ అన్న ఒక్క మాటే 27 బైట్లు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టంలో పరిమితి 255 యూనిట్లు (బైట్లు కాదు), అక్కడ తెలుగు కోడ్ పాయింటు ఒకటికి ఒక యూనిటే. అందుకే ఆఫీసు సిస్టంలో నిక్షేపంగా ఉన్న పొడుగాటి పేరు సర్వర్‌కి ఎక్కించబోతే పేరు పొడవైందని ఆగిపోతుంది. టెర్మినల్‌లో నడిచే విమ్, ఆయిల్‌లలో వత్తులు చెదిరి, నిలువు పట్టీ ఎక్కడ పడుతుందో తెలియదు. అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాడే ఈమాక్స్ 27, ఆపై వెర్షన్లు సొంత విండోలో అక్షరాలు బాగా చూపిస్తాయి, కానీ అక్కడ కూడా తెలుగు పేరు మధ్యలో పట్టీ కొయ్యకండి. పేరు మొదట్లో నంబరు చేర్చడం వరకే నమ్మకం.

సర్వర్ మీది ఫైళ్లయితే డైర్డ్‌కే నా ఓటు. స్లాష్, ఎస్‌ఎస్‌హెచ్, కోలన్ అని మొదలుపెట్టి సర్వర్ పేరు, మళ్లీ కోలన్, ఫోల్డర్ దారి ఇస్తే అదే జాబితా, అవే కీలు, అవతల ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. నెట్‌వర్క్ నెమ్మదైతే ఇదీ ఈడుస్తుంది. వీఎస్ కోడ్ రిమోట్ అయితే ముందు తన సర్వర్ ప్రోగ్రాంని అవతల దింపుతుంది, తక్కువ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్ల మీద అది భారం. విమ్ ఎక్కడైనా ఉంటుందిలే, నెట్‌ఆర్‌డబ్ల్యూతో కానిచ్చేద్దాం అనుకోవద్దు. డెబియన్ లినక్స్ కనీస ఇన్‌స్టాలేషన్‌లో వచ్చేది విమ్-టైనీ అనే చిన్న రూపం, దాంట్లో నెట్‌ఆర్‌డబ్ల్యూ ఉండదు.