యూఎస్‌బీ–ఫైర్‌వైర్ వైరు, చవక ‘2 టీబీ’ డ్రైవు: మినీడీవీ క్యాసెట్లు ఉన్నవాళ్లు జాగ్రత్త

పాత క్యామ్‌కార్డర్‌లోని వీడియోలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామని చూస్తున్నారా? డబ్బులు పెట్టేముందు ఇది చదవండి. ఒక చివర ఫైర్‌వైర్ (పాత వీడియో కెమెరాల్లో ఉండే ఒక రకం కనెక్షన్), ఇంకో చివర యూఎస్‌బీ ఉండే వైరు కొనకండి. పదిహేను వందలకు వచ్చే ‘2 టీబీ ఎస్‌ఎస్‌డీ’ (ఫైళ్లు దాచుకునే డ్రైవు) అస్సలు కొనకండి. వైరు వల్ల నాకు పోయింది డబ్బు, పది రోజుల టైము. డ్రైవు వల్ల మా అమ్మమ్మ పాట సగం పోయింది.

మా బాపు 2003లో సోనీ హ్యాండీక్యామ్ కొన్నాడు. అక్క పెళ్లి, మేనల్లుడి బారసాల, ఊళ్లో పండుగలు అన్నీ దాంట్లోనే తీశాడు. మొత్తం తొమ్మిది మినీడీవీ క్యాసెట్లు, అంటే ఆ కెమెరాలో పెట్టే చిన్న వీడియో టేపులు. వాటిలో ఒకదాని మీద బాపు చేతిరాతతో ‘సద్దుల బతుకమ్మ 2005’ అని ఉంటుంది. అందులో అమ్మమ్మ మధ్యలో నిలబడి పాట ఎత్తుకుంటే చుట్టూ ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ అందుకుంటారు. అమ్మమ్మ 2011లో పోయింది. ఆమె గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. ఈసారి దసరాకి అమ్మకి ఆ వీడియో టీవీలో పెట్టి చూపించాలనుకున్నాను.

ముందు కెమెరాకున్న యూఎస్‌బీ వైరే పెట్టి చూశాను. మెమరీ కార్డులో ఫోటోలు కనిపించాయి గానీ క్యాసెట్‌లో వీడియో రాలేదు. ఆ కాలం మినీడీవీ కెమెరాల్లో చాలావాటికి యూఎస్‌బీ ఉన్నది ఫోటోల కోసమే. క్యాసెట్ వీడియో బయటికి రావాల్సింది పక్కనే ఉండే చిన్న నాలుగు పిన్నుల సాకెట్ నుంచి. దాని మీద ‘డీవీ’ అనో, సోనీ అయితే ‘ఐ.లింక్’ అనో రాసి ఉంటుంది. అదే ఫైర్‌వైర్.

ఇది తెలుసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఒక షాపులో కెమెరా చూపించి, నా ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ తప్ప ఏమీ లేదని చెప్పాను. ‘ఏం కాదన్నా, ఇది పెట్టంగనే వస్తది, అందరూ ఇదే తీస్కపోతున్నరు’ అని ఒక నల్ల వైరు చేతిలో పెట్టాడు. 380 రూపాయలు. బిల్లు అడిగితే వైర్లకు బిల్లు ఉండదన్నాడు.

ఇంటికొచ్చి పెడితే ల్యాప్‌టాప్‌లో ఏదైనా గుచ్చినప్పుడు వచ్చే ‘టింగ్’ శబ్దం కూడా రాలేదు. డ్రైవర్లు లేవేమో అనుకుని పది రోజులు రాత్రిళ్లు కూర్చుని రకరకాల సాఫ్ట్‌వేర్లు ఎక్కించాను. లోపం సాఫ్ట్‌వేర్‌లో కాదు, ఆ వైరులోనే. యూఎస్‌బీ మాట్లాడే పద్ధతి వేరు, ఫైర్‌వైర్ పద్ధతి వేరు. ఆ రెండింటి మధ్య మాట మార్చే చిప్ ఏదీ ఆ వైరులో ఉండదు. లోపల ఉన్నవి ఉత్త రాగి తీగలు, వాటి చివర్లకు అతికించిన రెండు ప్లగ్గులు. ఇంకా భయపెట్టే విషయం: యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టుల కరెంటు నేరుగా కెమెరా సిగ్నల్ పిన్నుల మీదికి పోతే ఆ సాకెట్టే కాలిపోవచ్చు. నా కెమెరాకి ఏమీ కాకపోవడం అదృష్టం. ఆ సాకెట్ పోయుంటే క్యాసెట్లు అలాగే బీరువాలో ఉండిపోయేవి. షాపుకి తిరిగి తీసుకెళ్తే ‘మీ ల్యాప్‌టాప్ ప్రాబ్లమ్ అన్నా’ అన్నాడు, డబ్బులివ్వలేదు.

చివరికి దారి చూపించింది చిక్కడపల్లిలో ఉండే ఒక పాత పెళ్లి వీడియోల ఎడిటర్. ఆ రోజుల్లో వాళ్లంతా ఈ క్యాసెట్ల మీదే పనిచేశారు కాబట్టి ఆయనకి అన్నీ తెలుసు. డెస్క్‌టాప్ లోపల పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ (అదనపు కార్డులు గుచ్చే చోటు) ఉంటే ఫైర్‌వైర్ కార్డు గుచ్చాలి, దాని నుంచి కెమెరాకి ఆరు పిన్నులు–నాలుగు పిన్నుల వైరు పెట్టాలి, అంతే అన్నాడు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డు అయితే గొడవ పెట్టదని తన దగ్గరున్నదే ఇచ్చాడు. ఆరు పిన్నుల ప్లగ్గుని మాత్రం బలవంతంగా తిప్పి గుచ్చొద్దని రెండుసార్లు చెప్పాడు. అందులో కరెంటు కూడా వస్తుంది, తిరగేసి దూర్చితే పోర్టు పోతుంది. విండోస్ 10లో కార్డు కనిపించినా కెమెరా పట్టకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ‘లెగసీ’ 1394 డ్రైవర్ (1394 అంటే ఫైర్‌వైర్‌కే ఇంకో పేరు) ఎక్కించి, డివైస్ మేనేజర్‌లో దానికి మార్చాలి. క్యాసెట్ వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి విన్‌డీవీ అనే చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలు. పాత మ్యాక్ ఉన్నవాళ్లకి ఒక మాట: 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో ఆపిల్ ఫైర్‌వైర్ సపోర్ట్ తీసేసింది, ఈ పని అయ్యేదాకా అప్‌డేట్ చేయకండి.

మా మేనల్లుడి డెస్క్‌టాప్‌లో కార్డు పెట్టాక మొదటి క్యాసెట్ నడిచింది. స్క్రీన్ మీద అక్క పెళ్లిపీటల మీద కూర్చుని కనిపించగానే అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. గంట క్యాసెట్ ఎక్కడానికి గంట పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. గంటకి దాదాపు 13 జీబీ అవుతుంది. మేనల్లుడి కంప్యూటర్‌లో అంత జాగా లేక, ఆన్‌లైన్‌లో 1,499 పెట్టి ‘2 టీబీ’ డ్రైవు తెప్పించాను. రేటింగులు బాగానే ఉన్నాయి. గుచ్చితే 2 టీబీ అనే చూపించింది. ఒక్కో క్యాసెట్ అయ్యాక ఫైల్‌ని దాంట్లోకి కట్ చేసి పేస్ట్ చేశాను. కాపీ కాదు, కట్. నేను చేసిన తప్పు అదే.

ఏడు క్యాసెట్లు అయ్యాక బతుకమ్మ వీడియో తెరిచాను. అది ఆరోది. పేరుంది, తేదీ ఉంది, సైజు 12 జీబీ అని ఉంది, కానీ నడవలేదు. ఏడోదీ అంతే. డ్రైవు మూత తీసి చూస్తే లోపల వేలి గోరంత మెమరీ కార్డు, దాని మీద 64 జీబీ అని రాసి ఉంది. కంప్యూటర్‌కి 2 టీబీ అని అబద్ధం చెప్పేలా చిప్‌ని మార్చారు. ఐదు క్యాసెట్లకే అది నిండిపోయింది. ఆ తర్వాత మనం ఎంత పంపినా తీసుకున్నట్టు చూపిస్తుంది, నిజంగా ఎక్కడా రాయదు. కొన్ని డ్రైవులైతే పాత ఫైళ్ల మీదే రాసి అవీ పాడుచేస్తాయి.

క్యాసెట్ ఉంది కదా, మళ్లీ ఎక్కిద్దామని పెట్టాను. ఇరవై ఏళ్ల టేపు. మొదటిసారి బాగానే నడిచింది. రెండోసారి ముప్పై ఒకటో నిమిషంలో కెమెరా లోపల టేపు ఇరుక్కుని నలిగింది. ఆ ఎడిటర్ గారే ఓపిగ్గా విప్పి తీశారు. మిగతాదంతా వచ్చింది. నలిగిన చోట మాత్రం బొమ్మంతా గళ్లు గళ్లు, శబ్దం ముక్కలు ముక్కలు. అమ్మమ్మ పాట మొదలైన కాసేపటికి ఆ గళ్లు వస్తాయి. అమ్మ చూసి ఏమీ అనలేదు, ‘ముందుది మళ్లొకసారి పెట్టు బిడ్డా’ అంది.

అందుకే చెప్తున్నాను. కొత్త డ్రైవు ఏది కొన్నా, అందులో ఒక్క ఫైలు పెట్టకముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఫ్రీ ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించి చూడండి. ఒకరోజంతా పట్టినా సరే, రిటర్న్ గడువు ఉండగానే చేయండి. నాకు ఆ గడువు దాటిపోయింది. డ్రైవు ఫ్యాట్32 ఫార్మాట్‌లో (ఫైళ్లు అమర్చుకునే పాత పద్ధతి) ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అంటే పద్దెనిమిది నిమిషాల వీడియోకే ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. ఫైల్‌ని కాపీ చేయండి, డ్రైవు నుంచి తెరిచి మధ్యలో, చివర్లో నడిపి చూడండి, ఆ తర్వాతే పాతది తీసేయండి. రెండు చోట్ల ఉంటే ఇంకా మంచిది.

ఈ తలనొప్పి ఎందుకని క్యాసెట్లు బయట ఇచ్చేవాళ్లు, ఫైర్‌వైర్‌తో తీస్తారా, పసుపు–తెలుపు–ఎరుపు ఏవీ వైరుతో తీస్తారా అని ముందే అడగండి. ఏవీ వైరుతో తీస్తే క్వాలిటీ తగ్గుతుంది. డీవీడీ చేసిస్తామంటే ఒప్పుకోకండి, క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టు వచ్చే అసలు డీవీ ఫైలే కావాలని అడగండి.

డ్రైవు ఫోటోలు, ఆర్డర్ వివరాలు పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. వైరుకి బిల్లు లేదు కాబట్టి దాని మీద ఏమీ చేయలేకపోయాను. పోయిన వారం అదే గల్లీలోంచి వస్తూ చూశాను, ఆ షాపు గోడకి అలాంటి నల్ల వైర్లు ఇంకా పది దాకా వేలాడుతున్నాయి.